అక్క చేతి కొలత

బౌలింగ్ బంతికి మూడు బెజ్జాలు పెట్టడం కూడా ఒక విద్యేనా అని ఎవరైనా నవ్వితే చాలు, బెజ్జాల మేస్త్రికి ఒళ్ళు మండిపోయేది. నిజమే, మూడే బెజ్జాలు. రెండు వేళ్ళకి రెండు, బొటనవేలికి ఒకటి. ఈమాత్రం దానికి దుకాణమెందుకు, అద్దాల తలుపెందుకు, నిలువెత్తు డ్రిల్లింగ్ మిషనెందుకు అని జనం అనుకోవడంలో తప్పులేదు. అలా అనుకునేవాళ్ళని మేస్త్రి కుర్చీలో కూర్చోబెట్టి మరీ పాఠం చెప్పేవాడు. వాళ్ళు దణ్ణం పెట్టి లేచేదాకా వదిలేవాడు కాదు.

ఆ పాఠం క్లుప్తంగా ఇదీ. పైకి నున్నగా, అమాయకంగా కనబడే బంతి లోపల బరువైన గుండె ఒకటి ఉంటుంది. అది గుండ్రంగా ఉండదు, ఒక పక్కకి సాగి ఉంటుంది. దాని తల ఎటువైపు ఉందో తెలియడానికి బంతి తయారుచేసేవాళ్ళు పైన ఒక రంగు చుక్క పెట్టి పంపుతారు. ఇక ఆడేవాళ్ళ సంగతి. చేతిలోంచి జారిన బంతి బండిచక్రంలాగే ఒక ఇరుసు మీద తిరుగుతుంది. మణికట్టు తిప్పే తీరుని బట్టి ఆ ఇరుసు కొస ఒక్కొక్కరికి ఒక్కో చోట ఉంటుంది. ఆ కొసకీ రంగు చుక్కకీ మధ్య దూరం ఎంత ఉండాలి, చుక్క వేళ్ళకి పైన ఉండాలా కింద ఉండాలా అని తేల్చుకుని బెజ్జాలు పెట్టడమే మేస్త్రితనమంతా. లెక్క కుదిరిందా, బంతి నూనె రాసిన చెక్క మీద తిన్నగా జారుకుంటూ పోయి, చివర్లో చటుక్కున మలుపు తిరిగి అవతలి కొసన నిలబెట్టిన పది పిన్నుల్నీ కూల్చేస్తుంది. కుదరలేదా, సగం దారిలోనే ఉసూరుమంటుంది.

అందుకని ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు. ఎంత కొమ్ములు తిరిగిన ఆటగాడు వచ్చినా సరే, కొత్త బంతి కావాలంటే ముందు పక్కనే ఉన్న బౌలింగ్ హాల్లో లేన్ మీదికి, అంటే ఆ నూనె రాసిన చెక్కదారి మీదికి, నడవాల్సిందే. మేస్త్రి ఒక పాత బంతి ఇచ్చి వేయమనేవాడు. బంతి తిరిగొచ్చాక దాని మీద నూనె గీసిన వలయాన్ని చూసి ఇరుసు కొస ఎక్కడుండాలో అంచనా కట్టి, అక్కడ తెల్లటి టేపు ముక్క అంటించి మళ్ళీ వేయమనేవాడు. బంతి గిర్రున తిరుగుతున్నా టేపు ముక్క కదలకుండా చుక్కలా నిలబడితే కొస అదే. ముక్క గంతులు వేస్తే ఇంకా దొరకనట్టు. దొరికేదాకా వేయించేవాడు. నా కొలతలు నిరుడే తీసుకున్నావు కదయ్యా అని ఎవరైనా విసుక్కుంటే ఆయన దగ్గర ఒకటే జవాబు: నిరుటి చెయ్యి నిరుటిది.

ఈ నియమం నుంచి లోకంలో ఒకే ఒక్క మనిషికి మినహాయింపు ఉంది. ఆమె ఆయన అక్క.

అక్క సిటీ బస్సు డ్రైవరు. బౌలింగ్ హాల్లో పిల్లల నుంచి పెద్దల దాకా అందరికీ డ్రైవరమ్మ. డిపో టీంలో ఎప్పుడూ ఆఖరున ఆడే స్థానం ఆమెదే. ఆఖరి స్థానమంటే అట్టడుగు అని కాదు, మిగతావాళ్ళు చేసిన కంగాళీ అంతా చివరికి చక్కబెట్టేవాళ్ళకి ఇచ్చే స్థానం. ఆమె మణికట్టుని లోపలికి మడిచి, వదిలే క్షణంలో పక్కకి తిప్పేది. బంతి సుడి తిరుగుతూ లేన్ అంచుదాకా పోయి, ఇక కాలవలో పడిపోయిందిరా బాబూ అనుకునేలోపు వెనక్కి మళ్ళి పిన్నుల మీద విరుచుకుపడేది. అవతలి టీం వాళ్ళకి అది చూస్తే నోట్లో తడారిపోయేది. తమ్ముడికి మాత్రం కళ్ళు మూసుకున్నా ఆ చెయ్యే కనబడేది. ఆమె ఇరుసు కొస ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెబుతానని మీసం మెలేసేవాడు. అందుకే ఒకసారి కొలిచాక మళ్ళీ కొలవలేదు. ఎన్ని బంతులు చేసినా ఆ కొలతే.

అలాంటి అక్క ఒక వానరోజు బస్సు మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక డాక్టరు ఎముక చక్కగా అతుక్కుందన్నాడు. స్టీరింగు పట్టుకోవచ్చు, బరువెత్తొచ్చు, ఆట ఆడుకోవచ్చు అన్నాడు. అన్నీ నిజమే. మణికట్టు మాత్రం మునుపటిలా లోపలికి వంగనని మొరాయించింది.

తమ్ముడు పండగ చేసుకున్నాడు. అక్క తిరిగొస్తోందని ఎర్రటి కొత్త బంతి తెప్పించి, ఎప్పటిలాగే రంగు చుక్కని వేళ్ళ కిందికి వచ్చేలా పెట్టి బెజ్జాలు చేశాడు. ఆమె సుడి జోరుకి అలా పెడితేనే బంతి కుదురుగా ఉంటుంది, చుక్క పైకి పోతే మరీ ఎగిరెగిరి పడుతుంది. ఇదంతా ఆయనకి కొట్టినపిండి. బంతిని మెత్తటి గుడ్డతో తుడిచి అక్క చేతిలో పెట్టినప్పుడు ఆయన మొహం చూడాల్సిందే. ఆ మొహం చూసింది కాబట్టే అక్క తర్వాత నోరెత్తలేకపోయింది.

ఎర్ర బంతి ఆడలేదు. మొదటి వారం పిన్నులు మిగిలిపోతుంటే చెయ్యింకా అలవాటు పడలేదనుకున్నారు. తర్వాతి వారం బంతి మలుపు తిరగాల్సిన చోటికి చేరకముందే అలిసిపోయి తిన్నగా దొర్లింది. దానికి తోడు పోతూ పోతూ టిక్కు టిక్కుమని చప్పుడు. అదేమిట్రా అని అక్క అడిగింది. లేన్ చెక్కలు వదులయ్యాయి, హాలు మేనేజరుకి చెప్పాలి అని తమ్ముడు కొట్టిపారేశాడు. మేనేజరు పాపం మోకాళ్ళ మీద కూర్చుని చెక్కలన్నీ తట్టి చూసుకున్నాడు.

ఈలోగా డిపో టీం ఆదివారం జరగబోయే లీగ్ ఫైనల్‌కి చేరింది. డ్రైవరమ్మ వల్ల కాదు, ఆమె ఉన్నా చేరింది. ఎదురుగా బేకరీ టీం. పొద్దున్నే లేచి పిండి కలిపే చేతులు, ఉక్కులాంటివి. ఏటా కప్పు వాళ్ళదే. డిపోలో మెకానిక్‌గా చేసే టీం కెప్టెను మంచివాడు, నోట్లో నాలుక లేనివాడు. అతను అక్క దగ్గరికొచ్చి, ఆడతానంటే ఆఖరి స్థానం నీకే ఉంచుతానమ్మా, ఆడలేనంటే ఎవరూ ఏమీ అనుకోరు, శుక్రవారం సాయంత్రానికి మాట చెప్పు అన్నాడు. ఎవరూ ఏమీ అనుకోరు అన్న ఆ ఒక్క ముక్కే ఆమెకి గుచ్చుకుంది.

శుక్రవారం పొద్దున్నే, డ్యూటీ లేని రోజు చూసుకుని, అక్క సంచీతో దుకాణానికి వచ్చింది. మేస్త్రి మిషను కింద చేరిన రంగురంగుల పొట్టు ఊడుస్తున్నాడు. ఆమె సంచీలోంచి ఎర్ర బంతి తీసి బల్ల మీద పెట్టింది.

"దీన్ని ఎవరికైనా అమ్మెయ్రా."

ఆయన చీపురు పక్కన పెట్టాడు.

"ఎందుకమ్మెయ్యాలి?"

"ఆదివారం నేను ఆడట్లేదు. ఇవాళే కెప్టెన్‌కి చెప్పేస్తాను. ఆదివారం ఒక్కటే కాదు, ఇక ఆడను. అవతలివాళ్ళు నన్ను చూసి జాలిపడుతుంటే ఒళ్ళు కంపరమెత్తుతోంది. భయపడినన్నాళ్ళు బాగానే ఉండేది."

నవ్వడానికే ప్రయత్నించింది కానీ కుదరలేదు. ఇంకొన్నాళ్ళు సాధన చెయ్యి, చెయ్యి దారికొస్తుంది, మళ్ళీ మునుపటిలా తిప్పగలవు అని తమ్ముడు గొణిగాడు. ఆమె కుడి చొక్కాచెయ్యి దించుకుంది. కానీ ఆయన చూసేశాడు. మణికట్టు వాచి ఉంది.

సరిగ్గా అప్పుడే బావ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. బావ దర్జీ. మెడలో కొలత టేపు లేకుండా ఆయన్ని పెళ్ళిఫోటోలో తప్ప ఎక్కడా ఎవరూ చూసి ఉండరు. చేతిలో అక్క యూనిఫాం కోటు ఉంది. దారిలోనే కదా, ఒకసారి తొడిగి చూడమని పట్టుకొచ్చాడు. అక్క తొడుక్కుంది. బావ కుడిచెయ్యి అంచు లాగి చూసి, తృప్తిగా తలాడించాడు.

"ఇప్పుడు సరిపోయింది. ఎడమదాన్ని ముట్టుకోలేదు, కుడిది మాత్రం అంతా విప్పి మళ్ళీ కుట్టాను."

"ఎందుకు, పొట్టిదయిందా?" అన్నాడు మేస్త్రి, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"పొట్టి కాదు, పొడుగూ కాదు. దెబ్బ తగిలాక మీ అక్క చెయ్యి వేలాడే తీరే మారిపోయింది బావమరిదీ. ఇంతకుముందు అరచెయ్యి లోపలికి తిరిగి ఉండేది, ఇప్పుడు తిన్నగా ఉంటోంది. పాత కొలతకి కుడితే ఎత్తినప్పుడల్లా పట్టేస్తుంది. నిరుటి చెయ్యి నిరుటిదని నువ్వే అంటావుగా."

మేస్త్రి చటుక్కున బల్ల మీది ఎర్ర బంతి వైపు తిరిగాడు. బావ అది గమనించకుండా కోటు మడిచి, సాయంత్రం తొందరగా రమ్మని భార్యకి చెప్పి, షాపు తెరవాలంటూ వెళ్ళిపోయాడు. తానొక బాంబు పేల్చి వెళ్ళానని ఆయనకి తెలియదు.

మేస్త్రి ఎర్ర బంతి చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు. క్రితం ఆట తాలూకు నూనె వలయాలు ఇంకా దాని మీద ఉన్నాయి. అక్క పాత బంతుల మీద ఆ వలయాలు బొటనవేలి బెజ్జానికి రెండు వేళ్ళ ఎడంగా పోయేవి. ఇప్పుడు తిన్నగా బెజ్జం మీదనుంచే పోతున్నాయి. టిక్కు టిక్కుమన్నది చెక్కలు కాదు. బంతి తిరిగినప్పుడల్లా బెజ్జం అంచు నేలకి తగిలి చేసిన చప్పుడది. ఇన్ని వారాలు బంతి నోరు తెరిచి మొత్తుకుంటుంటే ఆయన మేనేజరు చేత చెక్కలు తట్టించాడు. నిన్నగాక మొన్న దుకాణం తెరిచిన పిల్లకాయైనా మొదటి రోజే పట్టుకునేవాడు. ఆయనకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

అయితే సిగ్గు కన్నా లోపల ఇంకొకటి ఎక్కువ బాధపెట్టింది. ఆయన మరిచిపోయి కొలవకపోలేదు. కొలిస్తే చెయ్యి మారిందని ఒప్పుకోవాలి. ఆ సుడి, ఆ మలుపు, తాను చిన్నప్పటి నుంచి వెనక నిలబడి చూసి పొంగిపోయిన ఆ చెయ్యి ఇక రాదని ఒప్పుకోవాలి. అది ఒప్పుకోలేకే మెట్ల మీద జారకముందున్న అక్కకి బంతి చేసి, జారిన తర్వాతి అక్క చేతిలో పెట్టాడు.

"అక్కా, తప్పు నీ చెయ్యిది కాదు," అన్నాడు. "బంతిది. అంటే నాది. లేని చేతికి బెజ్జాలు పెట్టాను."

అక్క బంతిని ఆయన చేతిలోంచి తీసుకుంది.

"నువ్వు అంత ముచ్చటపడి చేశావు. బంతి బాగాలేదని ఎలా అంటానురా? చెయ్యే బాగాలేదనుకున్నాను. నీ బంతికి తగ్గట్టు తిప్పాలని రోజూ బలవంతాన మడుస్తున్నాను."

అందుకే ఆ వాపు. తమ్ముడు బాధపడతాడని అక్క, అక్క చెయ్యి మారిందని ఒప్పుకోలేక తమ్ముడు, ఇద్దరూ కలిసి ఒక మణికట్టుని చిత్రవధ చేశారు. ఈ అన్యాయం తలుచుకుంటే ఆయనకి కళ్ళు చెమ్మగిల్లాయి, వెంటనే పట్టలేనంత కోపమూ వచ్చింది. ఆ కోపం తన మీదే కాబట్టి పనికొచ్చింది. అల్మరాలోంచి అంటించే తెల్ల టేపు చుట్ట తీసి, లేన్ మీదికి పద అన్నాడు. నేను ఆడనన్నాను కదరా అని అక్క అంటే, ఆడొద్దు, కొలత ఇవ్వు చాలు, నా దుకాణంలో నియమం నియమమే అన్నాడు.

పొద్దున పూట హాలు ఖాళీగా ఉంది. మేనేజరు ఒక లేన్‌కి దీపాలు వేసి, మళ్ళీ చెక్కలు చూడమంటారేమోనని కౌంటరు వెనక్కి తప్పుకున్నాడు. మేస్త్రి పాత బంతి ఒకటి అక్కకిచ్చి ఒకే మాట చెప్పాడు. మడవొద్దు, తిప్పొద్దు, పిన్నుల వైపు చూడొద్దు, చెయ్యి ఎలా పోతానంటే అలా పోనీ.

మొదటి బంతి అక్క మొహమాటంగా వేసింది. తర్వాతిదానికి భుజం వదులైంది. చెయ్యి వెనక్కి పోయి, ముందుకొచ్చి, అరచెయ్యి బంతి వెనకే ఉండి దాన్ని తోసింది. సుడి లేదు. బంతి ఇరుసు మునుపటిలా పక్కకి వాలకుండా ముందుకి దొర్లుతోంది. చూడగానే మేస్త్రికి కాస్త దిగులేసింది. కానీ రెండోసారి చూసినప్పుడు ఆయన కళ్ళు మెరిశాయి. ఆ చేతిలో జోరు తగ్గింది కానీ, ఇంత నిలకడ ఎప్పుడూ లేదు. ఎన్నిసార్లు వేసినా బంతి లేన్‌లో ఒకే చెక్కపలక మీద అడుగు పెడుతోంది. మునుపటి చెయ్యి ఉరిమేది, ఎక్కడ పడుతుందో దానికే తెలియదు. ఈ చెయ్యి చెప్పినచోటికి వెళుతుంది.

టేపు ముక్క అంటించాడు. పాత కొలత దగ్గర పెడితే అది పిచ్చిపట్టినట్టు గంతులేసింది. ఇంకాస్త పైకి జరిపాడు, చిన్న సున్నాలు చుట్టింది. లోపలికి జరిపాడు. అక్క వేసింది. బంతి మొత్తం గిర్రున తిరుగుతుంటే, పక్కన ఒక తెల్లటి చుక్క మాత్రం కదలకుండా మెదలకుండా, తిన్నగా పిన్నుల దాకా వెళ్ళింది.

"అదుగో," అన్నాడు మేస్త్రి మెల్లగా. "అదే నువ్వు."

దుకాణంలోకి తిరిగొచ్చాక అసలు ఆలోచన మొదలైంది. ఎర్ర బంతి బెజ్జాలు పూడ్చి మళ్ళీ చేయొచ్చు కానీ, పూడ్చిన జిగురు ఆదివారానికి గట్టిపడుతుందన్న నమ్మకం లేదు. అద్దాల బీరువాలో ఆయన తన కోసం దాచుకున్న నీలం బంతి ఉంది. పొగమబ్బు రంగు, ఇంకా ఒక్క బెజ్జమూ పడనిది. దాన్ని దించబోతుంటే అది నీదిరా అని అక్క అడ్డుపడింది. తమ్ముడు వినిపించుకోలేదు.

రంగు చుక్క ఎక్కడ పెట్టాలి? అలవాటు వేళ్ళ కింద పెట్టమంటోంది. కానీ ముందుకి దొర్లే చేతికి చుక్క కింద పెడితే బంతి తొందరపడి ముందే దొర్లి, ఉన్న శక్తంతా దారిలోనే ఖర్చుపెట్టేస్తుంది. ఎర్ర బంతి చేసింది అదే. ఈ చేతికి ఓపిక పట్టే బంతి కావాలి. చుక్క ఉంగరం వేలి పైకి పోవాలి, కొత్త ఇరుసు కొసకి కాస్త దూరంగా ఉండాలి. అప్పుడు బంతి నూనె మీద తొందరపడకుండా జారి, చివర్లో లేస్తుంది. అలా పెడితే వలయాలు బొటనవేలి బెజ్జాన్ని కూడా తప్పించుకుంటాయి. అక్కకి ఇలాంటి బంతి చేయడమంటే ఇన్నేళ్ళ అలవాటుకి పూర్తిగా ఎదురెళ్ళడం. పైగా ఒకసారి మిషను దిగితే వెనక్కి తీసుకోవడానికి లేదు. మేస్త్రి మైనపు పెన్సిలుతో గీతలు గీశాడు, చెరిపాడు, మళ్ళీ కొలిచాడు. చివరికి గీతలు పాత అలవాటుకి ఎంత దూరంగా ఉన్నాయో చూసుకుని, ఇదే సరైనదని తేల్చుకున్నాడు.

మిషను దిగింది. నీలం పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా చుట్టుకుని కింద రాలింది. కాలిన వాసన గదంతా నిండింది. బొటనవేలి బెజ్జం మణికట్టుని లాగకుండా జారిపోవాలని దాన్ని కాస్త బయటికి వాల్చాడు. అంచులు గీకి, అక్క వేళ్ళు పెట్టించి, మళ్ళీ గీకి, మళ్ళీ పెట్టించాడు. అక్క బంతి ఎత్తి పట్టుకుంది. మొహంలో ఏదో మారింది.

"నొప్పి లేదురా."

ఆ మాటకే ఆయనకి సగం కప్పు గెలిచినట్టనిపించింది. సాయంత్రం ఆమె కెప్టెన్‌కి ఆడతానని చెప్పింది. కెప్టెను ఎందుకైనా మంచిదని ఇంకోసారి అడిగి తిట్లు తిన్నాడు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. బేకరీ వాళ్ళు తెల్లటి చొక్కాల్లో పెళ్ళివారిలా దిగారు. బావ షాపు మూసి, ముందు వరుసలో కుర్చీ ఆక్రమించాడు. మేస్త్రి కూర్చోలేక స్తంభం పక్కన నిలబడ్డాడు.

అక్క మొదటి బంతి వేసింది. నీలం బంతి చప్పుడు చేయకుండా, టిక్కూ లేదు టక్కూ లేదు, నూనె మీద పిల్లిలా జారుకుంటూ పోయి చివర్లో మలుపు తిరిగింది. మలుపు మునుపటంత పెద్దది కాదు. కానీ సరిగ్గా తిరగాల్సిన చోట తిరిగింది. పదీ పడ్డాయి. డిపో వాళ్ళు లేచి కేకలు పెట్టారు. బేకరీ వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. జాలి పోయింది, మేస్త్రి కళ్ళారా చూశాడు.

ఆట సగానికి వచ్చేసరికి మాత్రం పాత పిశాచం నిద్ర లేచింది. చప్పట్లు విన్న ఉత్సాహంలో అక్క చెయ్యి మళ్ళీ మడుచుకుంది, పాత రోజుల్లా తిప్పబోయింది. బంతి ఎటో పోయి రెండు కొసల్లో రెండు పిన్నులు మిగిల్చింది. తర్వాతి ఫ్రేమ్‌లోనూ, అంటే తర్వాతి వంతులోనూ, అదే. ఉన్న ఆధిక్యం కాస్తా ఆవిరైపోయింది. అక్క వచ్చి బెంచీ మీద కూలబడి మణికట్టు పట్టుకుంది. మేస్త్రి పక్కన కూర్చున్నాడు.

"అది ఉరుము చేతికి చేసిన బంతి కాదు అక్కా. ఇప్పటి నీ చేతికి చేశాను. నాకు ఇదే నచ్చింది."

"నిజంగానా? నన్ను ఊరుకోబెట్టడానికి కాదుగా?"

"నీలం బంతి నాకోసం దాచుకున్నాను. ఊరుకోబెట్టడానికైతే ఎర్రదే తుడిచిచ్చేవాణ్ణి."

అక్కకి నవ్వొచ్చింది. ఈసారి నిజమైన నవ్వు. ఆ తర్వాత ఆమె ఇక మడవలేదు.

చివరి ఫ్రేమ్ వచ్చింది. అందులో పదికి పదీ పడగొట్టినవాళ్ళకి మొత్తం మూడు బంతులు దక్కుతాయి. బేకరీ వాళ్ళ ఆఖరి ఆటగాడు తనవంతు ముగించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డిపో గెలవాలంటే డ్రైవరమ్మ మొదటి రెండు బంతులకీ పదేసి పిన్నులు పడగొట్టాలి, మూడోదానికి కనీసం ఎనిమిది. లెక్క చెప్పిన కెప్టెను గొంతు కీచుమంది. బావ మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు.

మొదటి బంతి. అరచెయ్యి వెనకే ఉంది, చెయ్యి తిన్నగా ముందుకెళ్ళింది. బంతి జారింది, ఆగింది అన్నంత నెమ్మదిగా కనబడింది, తిరిగింది. పదీ. హాలు హోరెత్తింది. రెండో బంతి అదే పలక మీద అడుగు పెట్టింది, అదే చోట తిరిగింది. పదీ. ఈసారి బేకరీ ఆటగాడి కట్టుకున్న చేతులు విడిపోయాయి.

మూడో బంతి పట్టుకుని అక్క ఒకసారి వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూసింది. అరచేతిని ఆయన వైపు చూపించింది, తిన్నగా, మడత లేకుండా. తర్వాత వెళ్ళి, ఏ హడావిడీ లేకుండా, రోజూ బస్సుని స్టాపులో ఆపినంత మామూలుగా బంతి వదిలింది. తొమ్మిది పిన్నులు పడ్డాయి. మూలనున్న ఒకటి ఊగి ఊగి నిలబడిపోయింది.

"దాన్నుండనీండి," అంది అక్క గట్టిగా, బేకరీ వాళ్ళ వైపు చూస్తూ. "మీకు గుర్తుగా ఉంటుంది."

ఆ తర్వాత హాల్లో ఎవరేం మాట్లాడారో ఎవరికీ వినబడలేదు. కెప్టెను ఏడ్చేశాడు. బేకరీ వాళ్ళు మర్యాదస్థులు, వరుసగా వచ్చి డ్రైవరమ్మ చెయ్యి పట్టుకుని ఊపారు, మేస్త్రి వాళ్ళని మణికట్టు జాగ్రత్త అని కసురుతూ నిలబడ్డాడు. డిపో వాళ్ళు ఆమెను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆమె పైనుంచే కప్పుని తమ్ముడి మీదికి వంచి, తీసుకోరా, మోయలేకపోతున్నాను అంది. ఆయన దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. చిన్నప్పుడు వెనక నిలబడి చూసి పొంగిపోయిన చెయ్యి కన్నా ఈ చెయ్యే గొప్పదని ఆయనకి ఆ క్షణాన ఏ అనుమానమూ లేకుండా తెలిసింది.

మర్నాడు ముగ్గురూ దర్జీ షాపులో ఉన్నారు. కప్పు కుట్టుమిషను పక్కన మెరుస్తోంది. టీం వాళ్ళందరికీ ఒకే రంగు కోట్లు కుట్టాలని డిపో నిర్ణయించింది, బంతి చేసిన మేస్త్రికి కూడా ఒకటి. మేస్త్రి దర్జాగా కుర్చీలో కాలు మీద కాలేసుకుని, తన కొలతలు అక్క పెళ్ళినాటి నుంచి బావ దగ్గర ఉన్నాయి కదా, వాటికే కుట్టేయమన్నాడు.

బావ ఆయన పొట్ట వైపు ఒకసారి, అక్క వైపు ఒకసారి చూశాడు. అక్క ముందుకొచ్చి భర్త మెడలోంచి టేపు లాగి, ఒక కొస తను పట్టుకుని రెండో కొస భర్తకిచ్చింది.

"లేచి నిలబడరా," అంది. "చేతులు చాపు."

బెజ్జాల మేస్త్రి లేచి, ఊపిరి బిగబట్టి, చేతులు చాపాడు. ఊపిరి వదలమని ఇద్దరూ ఒకేసారి అన్నారు.